ఊళ్లో కిడ్నీ పరీక్షల శిబిరం: పత్రికలతో, ఊరివాళ్లతో ఎలా మాట్లాడాలి?

మీరు అడిగింది ఇదీ: సోంపేట దగ్గర మీ యువజన సంఘం కిడ్నీ పరీక్షల శిబిరం పెడుతోంది. పోయినసారి పంపిన ప్రెస్ నోటు ఏ పత్రికలోనూ రాలేదు. టీవీలో వచ్చిన ఒక్క ముక్కతో ఊరి పేరు పాడైందని పెద్దలు కోప్పడ్డారు. ఈసారి ఎలా చేయాలి? శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఇలాంటి శిబిరాల ప్రచారం పని దగ్గరుండి చూసుకున్న అనుభవంతో చెబుతున్నాను.

ముందు వరస మార్చండి. ఊరికి మొదట చెప్పాలి, పత్రికకు తర్వాత. తమ ఊళ్లో ఏం జరుగుతోందో జనానికి పేపరు చూసి తెలిసిందంటే అక్కడే నమ్మకం పోతుంది. ఉద్దానంలో ఇది మరీ ముఖ్యం. ఇక్కడ కిడ్నీ జబ్బు మాట ఎత్తగానే చాలా ఇళ్లలో ముందు గుర్తొచ్చేది పెళ్లి సంబంధాలు. పేరు బయటపడుతుందన్న అనుమానం ఉంటే పరీక్షకు రావలసిన మనిషే రాడు. అందుకే మైకులోనైనా, కరపత్రంలోనైనా, నోటులోనైనా తప్పకుండా ఉండాల్సిన వాక్యం: "ఫలితాలు ఎవరివి వారికే విడిగా చెబుతాం, పేర్లు ఎవరికీ ఇవ్వం." ఆ మాట మీదే నిలబడండి. విలేకరి అడిగినా, సర్పంచి అడిగినా జాబితా చూపించకండి.

ఆటో మైకు ప్రకటన 25 సెకన్లు దాటకూడదు. ఆటో కదులుతుంటే ఇంట్లో ఉన్నవాళ్లకు రెండు మూడు ముక్కలకు మించి వినపడవు. కాబట్టి రచ్చబండ, రామమందిరం, బోరు, రేషను డిపో దగ్గర ఆటో ఆపించి ఒక్కోచోట మూడుసార్లు వేయించండి. పగలు జీడితోటలకూ కొబ్బరి పనికీ పోయినవాళ్లు ఇళ్లలో ఉండరు. సాయంత్రం ఆరు తర్వాతో, తెల్లవారి ఆరున్నరకో తిప్పండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు వేయకూడదన్న నిబంధన ఉంది, అదీ చూసుకోండి. మత్స్యకారుల వాడల్లో వేటకు వెళ్లే వేళ, వచ్చే వేళ వేరు. అక్కడి పెద్దను అడిగి టైము పెట్టుకోండి. ఒడియా మాట్లాడే ఇళ్లుంటే అదే ప్రకటన ఒడియాలోనూ రికార్డు చేయించండి. ఇచ్ఛాపురం, కవిటి, మందస వైపు దీన్ని మరిచిపోతే ఊళ్లో ఒక వీధంతా శిబిరానికి రాదు. డ్వాక్రా సంఘాల సమావేశంలో ఆశా కార్యకర్త ఐదు నిమిషాలు మాట్లాడితే అది వంద ఫ్లెక్సీల కంటే ఎక్కువ పనిచేస్తుంది.

వాట్సాప్‌లో పెట్టేటప్పుడు "రేపు", "ఈ ఆదివారం" అని రాయకండి. ఆ మెసేజీ వారం తర్వాత కూడా గ్రూపుల్లో తిరుగుతుంది. శిబిరం లేని రోజున జనం వచ్చి ఉసూరుమని వెళ్తారు. "నవంబరు 16, ఆదివారం, ఉదయం 7 నుంచి 11 వరకు" అని తేదీ, వారం, వేళ మూడూ రాసి, అడగడానికి ఒక మనిషి పేరు, నంబరు పెట్టండి. ఆ నంబరు ఎత్తే మనిషి నిజంగా ఉండాలి.

ఇక ప్రెస్ నోటు. అది పడకపోవడానికి నేను చూసినంతలో రెండు కారణాలు. ఒకటి, మొదటి పేరా అంతా "ముఖ్య అతిథిగా విచ్చేసిన" పెద్దల పేర్లే ఉండటం. వార్తలు దిద్దే పత్రిక డెస్కులో చోటు చాలకపోతే వార్తను కింది నుంచి కోస్తారు. అలా కోశాక మిగిలేది అతిథుల పేర్లే అయితే అది వార్త కాదు, పక్కన పడేస్తారు. రెండోది ఫాంటు. మన డీటీపీ షాపుల్లో అను ఫాంట్లలో టైపు చేసిస్తారు. దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అవతల కనపడేది అర్థంపర్థం లేని ఇంగ్లిషు అక్షరాలే. లెటర్‌హెడ్ ఫొటో తీసి పంపినా విలేకరి మళ్లీ మొత్తం కొట్టుకోవాలి. పది నోట్లు చేతిలో ఉన్న మండల కంట్రిబ్యూటర్‌కు అంత తీరిక ఉండదు. ఫోను కీబోర్డులో యూనికోడ్ తెలుగులో టైపు చేసి, అక్షరాలుగానే పంపండి. సంతకం, ముద్ర ఉన్న లెటర్‌హెడ్‌ను దానికి తోడుగా జతచేయండి.

నూటయాభై పదాలు చాలు. మొదటి పేరా ఇలా ఉండాలి:

"(మండలం పేరు) మండలం (మీ ఊరి పేరు) గ్రామ రామమందిరం వద్ద నవంబరు 16, ఆదివారం ఉదయం 7 నుంచి 11 గంటల వరకు ఉచితంగా కిడ్నీ పరీక్షలు చేస్తారు. 30 ఏళ్లు దాటినవారు, బీపీ, షుగరు ఉన్నవారు రావాలి. రక్తం, మూత్రం పరీక్షిస్తారు. పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ తెచ్చుకోవాలి. ఫలితాలు ఎవరివి వారికే విడిగా చెబుతారు."

దీని కింద ఏది కోసినా పాఠకుడికి నష్టం లేదు. పరగడుపున రావాలా అక్కర్లేదా అన్నది డాక్టరును అడిగి అదే పేరాలో చేర్చండి. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ అనే రక్తపరీక్షకు పరగడుపు అక్కర్లేదు. చెప్పకపోతే మాత్రం చాలామంది మంచినీళ్లు కూడా తాగకుండా వస్తారు, అది ఇంకా చెరుపు.

నోటును మధ్యాహ్నం మూడు లోపు పంపండి. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ ఉంటుంది, విలేకరులంతా అక్కడే ఉంటారు, ఆ రోజు వద్దు. ఫొటో అడ్డంగా తీసి, వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి. మామూలుగా పంపితే నాణ్యత తగ్గి అచ్చులో మసకగా పడుతుంది. దండలు, బొకేలు కాకుండా రక్తం తీస్తున్న చెయ్యి, పక్కన నర్సు కనపడితే చాలు. పరీక్షకు వచ్చినవారి ముఖం కనపడకూడదు.

అసలు చిక్కు శిబిరం అయ్యాక అంకెల దగ్గర వస్తుంది. ఇక్కడ తొందరపడితే పోయినసారి గొడవే మళ్లీ వస్తుంది. ఉదాహరణకు 120 మంది వచ్చారు, 18 మందికి క్రియాటినిన్ ఎక్కువగా ఉంది అనుకోండి. ఊరికే "18 మందికి" అని వదిలేస్తే మర్నాటి శీర్షిక "ఊళ్లో 15 శాతం మందికి కిడ్నీ వ్యాధి". ఇందులో రెండు తప్పులున్నాయి. శిబిరానికి వచ్చేది ఎక్కువగా అనుమానం ఉన్నవాళ్లే, ఆ లెక్క ఊరందరికీ వర్తించదు. రెండోది, ఒక్క పరీక్షతో ఇది దీర్ఘకాలిక జబ్బని తేలదు. కిడ్నీ పనితీరులో తేడా కనీసం మూడు నెలలు కొనసాగితేనే అలా అంటారు. కాబట్టి అంకెనూ దాని హద్దునూ విడగొట్టడానికి వీల్లేకుండా ఒకే వాక్యంలో ఇవ్వండి: "పరీక్షకు వచ్చిన 120 మందిలో మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష అవసరమైనవారు 18 మంది." దీన్ని ఎక్కడ కోసినా అబద్ధం కాదు.

"నీళ్ల వల్లేనా?" అని తప్పకుండా అడుగుతారు. నీరు, ఎండలో పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు ఇలా చాలావాటి మీద పరిశోధనలు జరిగాయి, ఇదే కారణమని ఇప్పటిదాకా తేలలేదు. మీ జవాబు: "కారణం తేల్చేది పరిశోధకులు. మేం చెప్పగలిగింది ఒకటే, డాక్టరు చీటీ లేకుండా నొప్పి మాత్రలు వాడొద్దు, ఏడాదికోసారి పరీక్ష చేయించుకోండి." ఊహ చెబితే అది మీ పేరుతో అచ్చవుతుంది.

టీవీ బైటుకు, అంటే కెమెరా ముందు మీరు చెప్పే మాటకు 15 నుంచి 20 సెకన్లు, అంటే రెండు మూడు వాక్యాలే. విలేకరి ప్రశ్నను కోసేస్తారు కాబట్టి "అవునండి", "అందుకే" అని మొదలుపెట్టకండి, జవాబులోనే విషయం మొత్తం రావాలి. "ఊరంతా జబ్బేనటగా?" అంటే "ఊరంతా జబ్బు అనేది నిజం కాదు" అనకండి, అందులో "ఊరంతా జబ్బు" అన్న మాటలే మీ నోట వినపడతాయి. "120 మంది ధైర్యంగా పరీక్ష చేయించుకున్నారు" అని మీ వాక్యంతో మొదలుపెట్టండి. సముద్రం దగ్గరి ఊళ్లలో గాలి హోరు మైకులో పడి మాట వినపడదు, గోడ చాటుకు వెళ్లండి. మాట్లాడేది ఒక్కరే అయి ఉండాలి. ప్రభుత్వ డాక్టరు పేరుతో ఏదైనా రాయాలంటే ముందు ఆయన్ని అడగండి, వాళ్లు మీడియాతో మాట్లాడాలంటే పైఅధికారుల అనుమతి ఉండాలి. తెలియనిది అడిగితే "ఆ వివరం లేదు, సాయంత్రం ఐదుకు చెబుతాను" అనండి. ఐదుకు వివరం రాకపోయినా ఫోను చేసి ఆ మాటే చెప్పండి. చెప్పిన వేళకు ఫోను చేసేవాళ్లకు విలేకరులు కూడా అచ్చువేసే ముందు ఫోను చేస్తారు.

ప్రకటన ఇవ్వండి, కవరు ఇవ్వండి అని ఎవరైనా అంటే వార్తతో కలపకండి. ప్రకటన ఇవ్వదలిస్తే విడిగా రసీదు తీసుకుని ఇవ్వండి. కవరు మాత్రం ఎప్పుడూ వద్దు. నిజాయతీగా పనిచేసే విలేకరులకు కూడా మీరంటే చులకన అవుతుంది.

తప్పు పడితే గ్రూపులో తిట్టకండి. ఆ రోజే విలేకరికి ఫోను చేయండి. దిద్దకపోతే ఎడిటరుకు రాతపూర్వకంగా తేదీ, ఎడిషన్, పేజీ, అచ్చయిన వాక్యం, ఉండాల్సిన వాక్యం ఈ ఐదే రాసి పంపండి. వెబ్‌సైటులో, యూట్యూబ్‌లో ఉన్నదాన్ని విడిగా అడగాలి, పేపరులో దిద్దినంత మాత్రాన అక్కడ మారదు. దినపత్రిక అయితే అచ్చయిన రెండు నెలల లోపు, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు, దానికి ముందు ఎడిటరుకు రాసిన ఉత్తరం నకలు ఉండాలి. టీవీ ఛానళ్లు ప్రెస్ కౌన్సిల్ కిందికి రావు. ఛానల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, కేబుల్ టీవీ 2021 నిబంధనల ప్రకారం వాళ్లు 15 రోజుల్లో తేల్చాలి.

పెద్దల కోపం సంగతికి వస్తే, ఈసారి నోటు పంపే ముందు రోజు సాయంత్రం రామమందిరం దగ్గర వాళ్లను కూర్చోబెట్టి ఆ నోటు చదివి వినిపించండి. ఏ వాక్యం దగ్గర అభ్యంతరం చెబుతారో విని, నిజం చెడకుండా మార్చగలిగితే అక్కడికక్కడే మార్చండి.