బ్రోకర్ ఆఫీసు అంటే భయమెందుకు?

ప్రశ్న: మాది పలాస. అమ్మాయి శ్రీకాకుళంలో బీకాం పూర్తిచేసింది. హైదరాబాద్‌లోని ఒక విదేశీ బ్యాంకు 'ప్రైమ్ బ్రోకరేజ్ ఆపరేషన్స్' ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచింది. బ్రోకర్ పనంటే జనాల చేత షేర్లు కొనిపించడమే కదా? టార్గెట్లు పెట్టి చంపుతారేమో. పంపమంటారా?

జవాబు: పంపండి. ఎవరి వెంటా పడక్కర్లేదు, ఇది పద్దుల పని.

మీ ఊరి జీడిపప్పు వ్యాపారమే తీసుకోండి. గోదాము, చేబదులు, రోజు చివర లెక్క అన్నీ ఒక్కరే చూసిపెడితే, షావుకారు కొనడం అమ్మడం చూసుకుంటాడు. సంపన్నుల, సంస్థల సొమ్ముతో వందల కోట్లు తిప్పే హెడ్జ్ ఫండ్‌లనే పెట్టుబడి సంస్థలకు ప్రైమ్ బ్రోకర్ అలాంటివాడు. షేర్లు భద్రపరుస్తాడు, వాటి తాకట్టు మీద అప్పిస్తాడు, షేర్లు అరువూ ఇస్తాడు.

అరువెందుకంటే, ధర పడుతుందనుకున్న ఫండ్ ఆ షేర్లు తెచ్చి అమ్మేస్తుంది. పడ్డాక కొని తిరిగిచ్చేస్తుంది. పెరిగిందా, చేతులు కాలినట్టే. మరి మధ్యలో కంపెనీ డివిడెండ్, అంటే లాభంలో వాటా, ఇస్తే? అది షేరు కొన్నవాడికి పోతుంది. అరువిచ్చినవాడు నష్టపోకూడదు కాబట్టి ఫండ్ అంత సొమ్మూ తన జేబులోంచి కట్టాలి. 10,000 షేర్లు, షేరుకు 2 డాలర్లయితే 20,000 డాలర్లు. అది ఖాతాలో సరిగ్గా పడిందో లేదో చూసే కుర్చీల్లో ఒకటి మీ అమ్మాయిది కావచ్చు. ఇంటర్వ్యూలో ఇలాంటిదే అడిగే అవకాశముంది, ఇంట్లోనే ఒకసారి చెప్పించుకోండి.

తాకట్టు విలువ పడిపోతే ఇంకా డబ్బు కట్టమంటారు, దాన్నే మార్జిన్ కాల్ అంటారు. 2021 మార్చిలో ఆర్కెగోస్ అనే అమెరికా పెట్టుబడి సంస్థ అది కట్టలేకపోయింది. అనేక బ్యాంకుల దగ్గర పందేలు కాసింది, మొత్తం ఎంతో ఏ బ్యాంకుకూ తెలియదు. స్విట్జర్లాండ్ బ్యాంకు క్రెడిట్ స్వీస్ ఒక్కటే సుమారు 550 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. పద్దులు చూసేవాళ్ల విలువ అక్కడ తెలుస్తుంది.

ఇబ్బందల్లా రాత్రి షిఫ్టే. 2024 మే చివరి నుంచి అమెరికాలో షేర్ల లావాదేవీ తర్వాతి పనిదినానికల్లా తేలిపోవాలి. తేడా వస్తే ఆ రాత్రే సర్దాలి. ఏ దేశం మార్కెట్టు, ఇంటికి క్యాబ్ ఉందా అని అమ్మాయి చేత ముందే అడిగించండి.

ఈలోగా ఎక్సెల్‌లో వీ-లుకప్ (VLOOKUP), పివట్ టేబుల్ చేతికి రానివ్వండి. షేర్ మార్కెట్ పరీక్షలు నడిపే ఎన్ఐఎస్ఎం వాళ్ల 'సెక్యూరిటీస్ ఆపరేషన్స్ అండ్ రిస్క్ మేనేజ్‌మెంట్' పరీక్ష రాస్తే మరీ మంచిది. అన్నట్టు, ఉద్యోగానికి డిపాజిట్ కట్టమని ఎవరైనా ఫోన్ చేస్తే అది ఆ బ్యాంకు కాదు, ఫోన్ పెట్టేయండి.