టెక్ సందేహాలు: అంకె మారిస్తే గోడ జరుగుతుందా?

ప్రశ్న: తిరుపతిలో ఓ చిన్న ప్లానింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇంటి ఓనర్ సాయంత్రం వచ్చి బెడ్‌రూమ్ ఆరంగుళాలు పెంచమంటాడు, పొద్దున్నే పునాదికి ముగ్గు పోయాలంటాడు. ఆటోక్యాడ్‌లో (ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) డైమెన్షన్ (గీత పక్కన వచ్చే కొలత) మీద డబుల్ క్లిక్ చేసి 11'-6" చెరిపి 12'-0" అని కొట్టేస్తున్నాను. మేస్త్రి చూసేది అంకెనే కదా, తప్పేంటి?

తమ్ముడూ, మేస్త్రి చూసేది అంకెనే, నిజమే. కానీ స్తంభాలు ఎక్కడ రావాలో చూసే స్ట్రక్చరల్ ఇంజినీరుకి నువ్వు ఫైలు పంపుతావు, ఆయన గీతల కొసలు మౌస్‌తో పట్టుకుని (స్నాప్ చేసి) కొలుచుకుంటాడు, నీ అంకెను చదవడు. ఈ దొంగ పని కొత్తలో నేనూ చేశాను. తిరుచానూరు రోడ్డు వైపు ఒక ఇంటికి గోడలు నా అంకెల ప్రకారం, స్తంభాలు నా గీతల ప్రకారం లేచాయి. ఒక స్తంభం గదిలోకి అరడుగు పొడుచుకొచ్చింది, ఆ ఇంట్లో బీరువా తలుపు ఇప్పటికీ పూర్తిగా తెరుచుకోదు. ఓనర్ నన్ను ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

అసలు పని ఎంతసేపు? స్ట్రెచ్ (గీతల్ని సాగదీసే కమాండ్) అని కొట్టి, జరగాల్సిన గోడ మీదుగా కుడి నుంచి ఎడమకి విండో గీసి, పక్కకి వంకర పోకుండా ఎఫ్8 వేసి, బేస్ పాయింట్ పట్టుకుని, గోడ జరగాల్సిన వైపు మౌస్ పెట్టి 6 కొట్టు (డ్రాయింగ్ అంగుళాల్లో ఉంటే). డైమెన్షన్ అసోసియేటివ్‌గా (గీతకి అంటుకుని ఉండేలా) వేసి ఉంటే అంకె తనంతట తానే 12'-0" అవుతుంది. పక్క గది ఆరంగుళాలు తగ్గిపోయిందని కూడా అప్పుడే కళ్లకి కనిపిస్తుంది. డబుల్ క్లిక్ దారిలో ఆ సంగతి సైట్‌లో టేపు పట్టాకే తెలుస్తుంది.

పాత ఫైళ్ల మీద అనుమానమా? డైమెన్షన్‌ని సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ ఓవర్‌రైడ్ గడి చూడు, అక్కడ అంకె ఉందంటే ఎవరో చేత్తో కొట్టిందే. దాన్ని ఖాళీ చేస్తే అసలు కొలత బయటికొస్తుంది. ఎక్స్‌ప్రెస్ టూల్స్ (ఆటోక్యాడ్‌లో అదనపు కమాండ్ల కట్ట) ఉంటే డిమ్‌రీఅసోక్ కమాండ్‌తో అన్నిటినీ ఒకేసారి సరిచేయొచ్చు, ముందు ఫైలు కాపీ తీసి పెట్టుకో. 'లోపలి కొలత' లాంటి మాట చేర్చాలంటే <> గుర్తు (అసలు కొలత వచ్చే చోటు) ఉంచి దాని పక్కన రాయి, అప్పుడు కొలత కొలతలాగే ఉంటుంది.

ప్రశ్న: మాది 30×40 సైటు. డ్రాయింగ్ మిల్లీమీటర్లలో ఉంది, ఏరియా కొడితే 11 కోట్ల పైచిలుకు వస్తోంది! నాన్నేమో అంకణాలెన్ని అని అడుగుతున్నారు.

టెన్షన్ పడకండి, అది సైటు ధర కాదు. 30 అడుగులంటే 9144 మిల్లీమీటర్లు, 40 అడుగులంటే 12192, రెండూ గుణిస్తే వచ్చే 11,14,83,648 చదరపు మిల్లీమీటర్లు. దాన్ని 92903.04 తో (ఒక చదరపు అడుగులో ఉండే చదరపు మిల్లీమీటర్లు) భాగిస్తే 1200 చదరపు అడుగులు, తిరుపతిలో అంకణం 36 చదరపు అడుగులు కాబట్టి 33.33 అంకణాలు. నెల్లూరు బంధువులతో మాట్లాడేటప్పుడు మాత్రం ఏ అంకణమో ముందే తేల్చుకోండి, అక్కడ 72 లెక్క కూడా నడుస్తుంది.

ప్రశ్న: గదుల పేర్లు తెలుగులో టైప్ చేస్తే ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. (చిత్తూరు)

మీ టెక్స్ట్ స్టైల్‌లో ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్ (ఆటోక్యాడ్ సొంత రకం ఫాంట్) ఉండి ఉంటుంది, అందులో తెలుగు అక్షరాలుండవు. స్టైల్ కమాండ్‌లోకి వెళ్లి గౌతమి గానీ నిర్మల గానీ పెట్టండి. సైట్‌కి పంపేది పీడీఎఫ్ అయితే అవతలి ఫోన్లో ఆ ఫాంట్ లేకపోయినా పర్లేదు. వంటిల్లు అని తెలుగులో రాసిన ప్లాన్ చూస్తే మేస్త్రి మొహమే వేరు, నేను చూశాను.

ప్రశ్న: ప్రింట్ మీద స్కేలు పెట్టి కొలిస్తే కొలత తగ్గుతోంది.

జిరాక్స్ షాపులో 'ఫిట్' మీద ప్రింట్ కొట్టి ఉంటారు, 'యాక్చువల్ సైజ్' అని చెప్పి తీయించండి. ఏ1 మీద 1:50 కి పెట్టిన షీటును ఏ3 కి కుదిస్తే అది 1:100 అవుతుంది. నేనైతే షీటు మూలన పది అడుగుల స్కేల్ బార్ ఒకటి గీసి పెడతాను, కాగితంతో పాటు అదీ కుదించుకుపోతుంది కాబట్టి ఏ సైజులో తీసినా దానితో పోల్చి కొలుచుకోవచ్చు.