హీలియోస్ 44-2 నికాన్ మీద దూరం ఫోకస్ కావడం లేదా?

మీ హీలియోస్ 44-2 (పాత సోవియట్ మాన్యువల్ లెన్స్) పాడవలేదు, టెన్షన్ వద్దు. మీ నికాన్ డి5600 కెమెరాకి అడాప్టర్‌తో (వేరే రకం లెన్స్‌ని కెమెరాకి కలిపే రింగు) దాన్ని తగిలించాక రెండు మీటర్ల అవతల అంతా మసకగా ఉందన్నారు కదా, అది కొలతల గొడవ. ఇది ఎం42 రకం, అంటే మరతో బిగించే లెన్స్; అది కెమెరాకి ఆనే అంచు నుంచి సెన్సర్‌కి 45.46 మి.మీ. ఉండాలి. నికాన్ ఎఫ్ మౌంట్‌లో (లెన్స్ బిగించే చోటు) ఆ దూరం ముందే 46.5 మి.మీ.! దానిమీద అడాప్టర్ మందం. లెన్స్ ఉండాల్సిన చోటుకన్నా ముందుకు జరగడంతో అనంతం దాకా ఫోకస్ అందదు.

మీ షాపతను కొనమన్న, లోపల చిన్న గాజు లెన్స్ ఉన్న అడాప్టర్ కొంటే దూరం ఫోకస్ అవుతుంది, నిజమే. కానీ ఆ చవక గాజు, ముఖ్యంగా ఎపర్చర్ (కాంతి వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచిన ఎఫ్/2 దగ్గర, బొమ్మని మెత్తబరుస్తుంది. మంచి లెన్స్ ముందు సోడాబుడ్డి అద్దాలు పెట్టినట్టు! నేనైతే కొనను.

ఆ డబ్బు దాచి, సెకండ్ హ్యాండ్‌లో సోనీ ఎ6000 లాంటి మిర్రర్‌లెస్ కెమెరా చూడండి. సోనీ ఇ మౌంట్ దూరం 18 మి.మీ. మాత్రమే, మిగతా దూరాన్ని అడాప్టర్ మందమే పూరిస్తుంది కాబట్టి గాజు లేని మామూలు అడాప్టర్ చాలు. ఫోకస్ పీకింగ్ (ఫోకస్ అయిన అంచుల్ని రంగులో చూపించేది) కూడా ఉంటుంది. మెనూలో 'లెన్స్ లేకుండా షట్టర్ రిలీజ్' ఆన్ చేయడం మాత్రం మరవొద్దు, లేకపోతే క్లిక్ అవ్వదు.

అందాకా డి5600 మీదే పువ్వులు, దగ్గరి ముఖాలు తీయండి. ఈ లెన్స్‌తో కెమెరా ఎం (మాన్యువల్) మోడ్‌లోనే పనిచేస్తుంది, వెలుతురు కొలిచే మీటర్ చూపించదు. ఒక ఫొటో తీసి హిస్టోగ్రామ్ (వెలుతురు గ్రాఫ్) చూసి షట్టర్ స్పీడ్ సరిచేసుకోండి. లెన్స్ మీద ఎపర్చర్ రింగులు రెండెందుకని అడిగారు: ఒకదాంతో కావలసిన ఎపర్చర్ ముందే పెట్టుకోవాలి, రెండోది పూర్తిగా తెరిచి ఫోకస్ చేశాక, ఆగేదాకా తిప్పి క్లిక్ చేయాలి.