చలికాలమంతా బండి పక్కన పెడుతున్నారా? వారం వారం స్టార్ట్ చేయకండి

మంచు మొదలైతే మూడు నాలుగు నెలలు బైక్ తీయడం కుదరదు, షెడ్డులోనే ఉంటుంది అన్నారు మీరు. వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఆన్‌లో ఉంచితే చాలని ఎవరో చెప్పారట, అది నిజమేనా, ఇంకేమైనా చేయాలా అని అడిగారు.

నేనూ ఏటా చలికాలంలో బండి పక్కన పెట్టేవాణ్నే. ముందు ఆ వారం వారం స్టార్ట్ చేసే సంగతి తేల్చేద్దాం. అందరూ ఇచ్చే సలహా అదే, బండికి చేటు చేసేదీ అదే.

పెట్రోల్ మండితే పొగతోపాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. అరగంట రోడ్డు మీద తిరిగితే ఇంజిన్, సైలెన్సర్ బాగా వేడెక్కి ఆ ఆవిరి బయటికి పోతుంది. చలిలో నిలబెట్టి పది నిమిషాలు ఆన్‌లో ఉంచితే అంత వేడి రాదు. ఆవిరి కాస్తా సైలెన్సర్ లోపల నీరై నిలుస్తుంది, కొంత ఇంజిన్ ఆయిల్లోకీ చేరుతుంది. తెలిసినాయన ఒకరు చలికాలమంతా ఇలాగే చేశారు. తర్వాత ఆయిల్ పోసే మూత విప్పి చూస్తే దాని అడుగున, మర చుట్ల మధ్య లేత గోధుమరంగులో మీగడలాంటిది పేరుకుని ఉంది. ఆయిలూ నీళ్లూ కలిస్తే తయారయ్యేది అదే. సైలెన్సర్ జాయింట్ దగ్గర తుప్పునీళ్ల చారలు కూడా కనిపించాయి. ఇక బ్యాటరీ సంగతి చూస్తే, సెల్ఫ్ కొట్టినప్పుడు పోయిన చార్జింగ్ పది నిమిషాల ఐడిలింగ్‌లో సరిగా తిరిగి ఎక్కదు. బ్యాటరీ బాగుండాలని స్టార్ట్ చేస్తారు, ముందు చచ్చేది అదే.

మధ్యలో రోడ్డు పొడిగా ఉన్న రోజు దొరికి, అరగంటకు పైగా నడిపి వస్తే అది వేరే సంగతి. లేదంటే ముట్టుకోకండి.

అసలు పనంతా చివరిసారి బండి తీసిన రోజే అయిపోవాలి. ఆ ముందురోజు బాగా కడగండి. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే చోట అయితే బండి కింద భాగం, చక్రాల కమ్మీలు, సైలెన్సర్ వెనక ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఉప్పు మిగిలితే చలికాలమంతా తన పని తాను చేసుకుపోతుంది.

మరుసటి రోజు పెట్రోల్ బంకుకు వెళ్లి ట్యాంక్ దాదాపు నిండుగా కొట్టించండి. ఇనుప ట్యాంకులో ఖాళీ ఎంత ఎక్కువ ఉంటే అంత గాలి, ఆ గాలిలోని తేమ గోడలకు పట్టి తుప్పు లేస్తుంది. పెట్రోల్ కూడా నెలల తరబడి నిలవ ఉంటే పాడవుతుంది. తేలికగా ఆవిరయ్యే భాగం పోతుంది, మిగిలింది గాలి తగిలి జిగురు కడుతుంది. ఇథనాల్ కలిపిన పెట్రోల్ అయితే తేమను కూడా పీల్చుకుంటుంది. అందుకే పెట్రోల్ కొట్టించేటప్పుడే, అది త్వరగా పాడవకుండా ఆపే ఫ్యూయల్ స్టెబిలైజర్ పోయాలి, ఎంత పోయాలో సీసా మీదే రాసి ఉంటుంది. అది పోసి బండిని అక్కడే పెట్టేస్తే లాభం లేదు. ఇంటిదాకా నడిపితేనే ఆ మందు కలిసిన పెట్రోల్, ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ వరకూ చేరుతుంది.

ఇంటికి వచ్చేసరికి ఇంజిన్ వేడిగా ఉంటుంది కాబట్టి ఆయిల్ మార్చడానికి అదే సమయం, పాత ఆయిల్ పల్చబడి మొత్తం దిగిపోతుంది. ఆయిల్ ఇంకా నల్లబడలేదుగా, వసంతంలో మారుద్దాం అనుకుంటారు చాలామంది. వాడిన ఆయిల్లో తేమ, ఆమ్లాలు ఉంటాయి. అవి బేరింగుల మీద నెలల తరబడి కూర్చోవడం మంచిది కాదు. కొత్త ఆయిల్ పోశాక ఒకటి రెండు నిమిషాలు ఇంజిన్ తిప్పి ఆపేయండి. ఇక వసంతం వరకూ స్టార్ట్ చేయక్కర్లేదు.

మీ బండి ఇంజెక్షనా, కార్బురేటరా చెప్పలేదు. కార్బురేటర్ అయితే ఇంకో పని ఉంది. పెట్రోల్ కాక్ కట్టేసి, ఫ్లోట్ బౌల్ (కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె) అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, ఉన్న పెట్రోల్ చిన్న సీసాలోకి దింపేయండి. తలుపులు తీసి, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని చేయాలి. ఇది చేయని బండి కార్బురేటర్ విప్పితే బౌల్ అడుగున ఆకుపచ్చ, గోధుమరంగు కలిసిన జిగురు ఉంటుంది, పుల్లటి వాసన ముక్కుకు కొడుతుంది. ఐడిలింగ్‌లో పెట్రోల్ అందించే పైలట్ జెట్ కన్నం వెంట్రుక పట్టేంత సన్నగా ఉంటుంది, మూసుకుపోవడానికి ఆ జిగురు చుక్క చాలు. వసంతంలో బండి చోక్ మీదే నడిచి, చోక్ తీయగానే ఆగిపోతుందని మెకానిక్ దగ్గరికి వచ్చే కేసుల్లో ముందు అనుమానించాల్సింది దీన్నే.

తర్వాత బ్యాటరీ. తాళం తీసేసినా గడియారం, ఇమ్మొబిలైజర్ (దొంగలు స్టార్ట్ చేయకుండా ఆపేది) లాంటివి కొంచెం కొంచెంగా కరెంటు లాగుతూనే ఉంటాయి. అందుకే బ్యాటరీ వైర్లు విప్పేయండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తి చార్జింగ్‌తో, కొన్ని గంటలు వదిలేశాక 12.6 నుంచి 12.8 వోల్టులు చూపించాలి. నేను నెలకోసారి మల్టీమీటర్ పెట్టి చూస్తాను, 12.4 దగ్గరికి వస్తే మళ్లీ చార్జింగ్ పెడతాను. తనంతట తాను ఆగే స్మార్ట్ చార్జర్ ఉంటే తగిలించి వదిలేయొచ్చు, పాతరకం చార్జర్‌ను మాత్రం అలా వదలకండి. లిథియం బ్యాటరీ అయితే దానికి తగ్గ చార్జరే వాడాలి. చల్లటి చోట బ్యాటరీ పాడైపోతుందని భయపడేవాళ్లు ఉన్నారు. ఫుల్ చార్జింగ్ ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 50 డిగ్రీల్లో కూడా గడ్డకట్టదు. ఖాళీ అయిన బ్యాటరీ మాత్రం సున్నాకు కొద్ది డిగ్రీలు దిగితే చాలు గడ్డకట్టి పగులుతుంది.

లిక్విడ్ కూలింగ్ బండిలో ఎవరైనా వట్టి నీళ్లు పోసి ఉంటే ఇప్పుడే మార్పించండి. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, ఇంజిన్ బ్లాక్ పగిలిందంటే ఇక బండి మీద ఆశ వదులుకోవడమే. సగం యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా ఆపే ద్రవం), సగం డిస్టిల్డ్ వాటర్ ఉంటే మైనస్ 35 దాకా భయం లేదు.

టైర్లలో గాలి కంపెనీ చెప్పిన పైపరిమితి దాకా కొట్టించి డబుల్ స్టాండ్ మీద నిలబెట్టండి. సైడ్ స్టాండ్ మాత్రమే ఉంటే అప్పుడప్పుడు బండిని ఒక అడుగు ముందుకో వెనక్కో జరిపితే సరి. చైన్ తుడిచి లూబ్ కొట్టండి, బ్రేక్ డిస్క్ మీద మాత్రం చుక్క పడకూడదు.

ఎలుకల్ని తక్కువ అంచనా వేయొద్దు. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గూడు కట్టడం, వైర్లు కొరకడం వాటికి మామూలే. సైలెన్సర్ పూర్తిగా చల్లారాక మూతిలో ఎర్రగుడ్డ కుక్కి, కొస బయటికి వేలాడేలా వదలండి. బండి తాళానికి కూడా ఒక చీటీ కట్టండి, లేకపోతే ఆ గుడ్డతోనే స్టార్ట్ చేస్తారు. పైన కప్పడానికి ప్లాస్టిక్ పట్టా వద్దు, అది తేమను లోపలే బంధిస్తుంది. గాలి ఆడే గుడ్డ కవరే మంచిది.

మళ్లీ బయటికి తీసే రోజు గుడ్డ తీసి, గాలి, ఆయిల్ లెవెల్, లైట్లు, బ్రేక్ లివర్ చూసుకోండి. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే అదీ మార్పించండి. క్లచ్ ప్లేట్లు అతుక్కుని ఉండొచ్చు కాబట్టి స్టార్ట్ చేసే ముందే గేరులో వేసి, క్లచ్ నొక్కి బండిని ముందుకీ వెనక్కీ ఊపండి. మొదటి కాసేపు బ్రేకు వేస్తే గరగర వినిపిస్తుంది, డిస్క్ మీద పట్టిన పల్చటి తుప్పు అది. నెమ్మదిగా నాలుగైదుసార్లు బ్రేకు వేస్తే పోవాలి. పోకపోతే ప్యాడ్లు విప్పించి చూడండి.