షుగర్ పుండుకు నానోఫైబర్ కట్టు కొనవచ్చా?

మీ నాన్నగారి పాదం మీది షుగర్ పుండుకు మందుల షాపులో "నానో" అని అమ్ముతున్న కట్టు కొనవచ్చా, అది ఎలక్ట్రోస్పిన్నింగ్‌తో, అంటే విద్యుత్తుతో అతిసన్నని పోగులు తీసే పద్ధతితో, చేసినదేనా అని పర్లాకిమిడి నుంచి మీరు అడిగారు. బరంపురంలోని ఒక ప్రయోగశాలలో ఇటువంటి పొరలను తయారు చేసే పనిలో కొంతకాలం ఉన్నాను, మా మేనమామగారి కాలిపుండుకు ఇంట్లో కట్లు మార్చినదీ నేనే. వైద్యుణ్ణి మాత్రం కాను.

మన షాపుల్లో ఆ పేరుతో కనిపించేవాటిలో చాలావరకు వెండి నానో రేణువులు కలిపిన జెల్, లేదా వెండి పూత పూసిన గుడ్డ. వాటిలో నానో కొలతలో ఉన్నది వెండి రేణువు. ఎలక్ట్రోస్పిన్నింగ్ కట్టులో పోగే ఆ కొలతలో ఉంటుంది. సిరంజిలోని పాలిమర్ (పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న పదార్థం) ద్రావణానికి 10 నుంచి 25 వేల వోల్టుల విద్యుత్తు ఇచ్చినప్పుడు సూది మొన వద్ద బొట్టు శంకువులా సాగి, దాని కొస నుంచి వెలువడే సన్నని ధార గాలిలో మెలికలు తిరుగుతూ ఆరిపోయి, జానెడు దూరంలోని లోహపు పలక మీద పోగులుగా పేరుకుంటుంది. ఆ పోగులు చాలాసార్లు కొన్ని వందల నానోమీటర్ల మందమే ఉంటాయి (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు). మన చర్మంలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల అల్లికకు ఈ నిర్మాణం దగ్గరగా ఉండటం వల్ల కొత్త కణాలకు పట్టు దొరుకుతుంది; రంధ్రాలు చాలా సన్నవి కనుక తేమ ఆవిరి బయటికి పోతుంది గాని సూక్ష్మజీవులు లోపలికి దూరడం కష్టం.

చెప్పడానికి ఇంత తేలికగా ఉన్నా, చేయడంలో మా సముద్రతీరపు గాలి పెట్టిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. మేము వాడినది నీటిలో కరిగే పాలీవినైల్ ఆల్కహాల్. వానాకాలంలో పోగు ఆరకముందే పలకను చేరి, పక్క పోగులతో అతుక్కుపోయి, రంధ్రాలు లేని పలుచని పొరగా మారేది. అప్పుడు దానికీ మామూలు ప్లాస్టిక్ పొరకూ తేడా ఏముంటుంది? గదిలో తేమను తగ్గించే యంత్రం పెట్టాకే పని కుదురుకుంది. రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్‌కు మా ప్రాంతంలో ముడిసరుకు లోటు లేదు గాని, అది ఒంటరిగా తేలికగా పోగు సాగదు, మరో పాలిమర్ కలపాలి. అదీగాక పుండు నుంచి కారే నీటికి పొర కరిగిపోకుండా గ్లుటరాల్డిహైడ్ వంటి రసాయనంతో గట్టిపరిస్తే, కడగగా మిగిలిన శేషం కణాలకు హాని చేస్తుంది. అందుచేత పరీక్షలు పూర్తికాని నమూనాను ఎవరు ఇచ్చినా మీ నాన్నగారి పాదానికి వాడకండి. సూది ఒక్కటే ఉన్న యంత్రంలో గంటకు ఒక మిల్లీలీటరు ద్రావణం నడిస్తే ఎక్కువ కనుక, ఇవి ఇంకా విరివిగా, చవకగా దొరకడం లేదు.

ఇక మామయ్య పుండుకు మొదట వాడిన గాజుగుడ్డ సంగతి. ఎండిన గుడ్డ పుండుకు అంటుకుని, విప్పినప్పుడల్లా కొత్తగా వచ్చిన ఎర్రని కండను లాక్కొచ్చేది. మామయ్య పళ్ళు బిగబట్టి కూర్చునేవారు. తేమగా ఉంచిన గాయం మీద చర్మం త్వరగా పెరుగుతుందని జార్జ్ వింటర్ 1962లోనే పందుల మీద చేసిన ప్రయోగంలో చూపించారు. డాక్టరుగారు స్పాంజిలా మెత్తగా ఉండే ఫోమ్ కట్టుకు మార్చాక నొప్పి తగ్గింది, కట్టు మార్చవలసిన అవసరమూ తగ్గింది. అయినా పుండు పూడటం మొదలైంది మాత్రం, పాదం మీద బరువు పడకుండా ప్రత్యేకమైన చెప్పులు వేయించి, షుగర్ అదుపులోకి వచ్చిన తరువాతే.

కాబట్టి మీరు ముందుగా పాదానికి రక్తప్రసరణ సరిగా ఉందో లేదో పరీక్ష చేయించి, పుండులోని చచ్చిన కండ తీయించండి. ఏ కట్టు వాడాలన్నది ఎంత నీరు కారుతున్నదో చూసి సర్జనే చెబుతారు. పుండు చుట్టూ ఎరుపు పాకినా, దుర్వాసన వచ్చినా, వేలు నల్లబడినా, జ్వరం తగిలినా కట్టు గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా, శ్రీకాకుళమో బరంపురమో ఏది త్వరగా చేరగలిగితే అక్కడి పెద్దాసుపత్రికి అదే రోజు తీసుకువెళ్ళండి.