కామ్ ఇంపింజ్‌మెంట్ ఉంటే తుంటి కీలు తప్పకుండా పాడవుతుందా?

మీ తమ్ముడికి ఎక్స్-రేలో కామ్ ఇంపింజ్‌మెంట్ కనిపించిందని, నొప్పి అంతగా లేదని, అయినా కీలు పాడవుతుందా అని అడిగారు. పాడయ్యే అవకాశం ఉంది, అందరికీ కాదు. నా కుడి తుంటిదీ ఇదే సమస్య.

తొడ ఎముక తల, మెడ కలిసే చోట ఎముక కాస్త ఉబ్బి ఉండడమే కామ్. నడకలో దానితో పేచీ లేదు. మోకాలు ఛాతీ వైపు వచ్చి కాలు లోపలికి తిరిగినప్పుడు ఆ ఉబ్బు తుంటి గిన్నెలోకి జొరబడుతుంది. గిన్నె అంచు చుట్టూ లేబ్రమ్ అనే మెత్తని పట్టీ, దాన్ని ఆనుకొని మృదులాస్థి ఉంటాయి. ఉబ్బు లేబ్రమ్‌ను బయటికి, మృదులాస్థిని లోపలికి నెడుతుంది. అలా నెట్టగా నెట్టగా రెండూ అతుకు దగ్గర విడిపోతాయి. ఆ తర్వాత మృదులాస్థి ఎముక నుంచి ఊడి, కాలితో తోసిన చాపలా లేస్తుంది. మృదులాస్థిలో నరాలు ఉండవు కాబట్టి, నొప్పి తక్కువగా ఉందని నష్టం తక్కువే అనుకోలేం. ఇంపింజ్‌మెంట్‌లోనే పిన్సర్ అనే ఇంకో రకంలో గిన్నె అంచే ముందుకు పొడుచుకొస్తుంది, అక్కడ మొదట నలిగేది లేబ్రమ్. చాలామందికి రెండూ కలిసే ఉంటాయి.

తుంటి అరుగుదలకు ఈ ఇంపింజ్‌మెంట్ ఒక ముఖ్య కారణమని 2003లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ సర్జన్ రైన్‌హోల్డ్ గాంజ్ బృందం ప్రతిపాదించింది. 600కు పైగా తుంటి కీళ్లను ఆపరేషన్‌లో తెరిచి చూసిన అనుభవంతో చెప్పిన మాట అది.

నాకు చాలాకాలం నడుము నొప్పికి మందులిచ్చారు. చివరికి ఒక డాక్టరు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలిని పైకి వంచి లోపలికి తిప్పగానే గజ్జలో చురుక్కుమంది. మీ తమ్ముడికి ఈ పరీక్ష చేశారో లేదో కనుక్కోండి. కాలు లోపలికి ఎంతవరకు తిరుగుతోందో కూడా అడగండి. ఉబ్బు పెద్దదై, ఆ తిప్పు బాగా తగ్గినవారికే అరుగుదల ముప్పు ఎక్కువ.

నేను గొంతుకూర్చోవడం, పల్లపు సోఫాలు, జిమ్‌లో లోతైన బైఠక్‌లు మానేశాను. పూజకు పీట బదులు ఎత్తు స్టూలు వేసుకుంటాను. పిరుదుల కండరాలకు, పొట్ట కండరాలకు ఫిజియోథెరపీ చేశాక మెట్లెక్కడం తేలికైంది. గజ్జ పట్టేసిందని మోకాలిని ఛాతీకి గట్టిగా లాగే వ్యాయామాలు మాత్రం చేయనివ్వకండి, ఎముక ఎముకను నొక్కేది ఆ భంగిమలోనే.

ఆపరేషన్ అంటే, చిన్న రంధ్రాల ద్వారా ఉబ్బును చెక్కి లేబ్రమ్‌ను కుడతారు. 2018లో వెలువడిన బ్రిటన్ పరిశోధనలో 348 మందిని ఏడాది తర్వాత చూస్తే, ఫిజియోథెరపీవారూ మెరుగుపడ్డారు, ఆపరేషన్‌వారు ఇంకాస్త ఎక్కువ మెరుగుపడ్డారు. కీలు అరిగి దాని సందు బాగా ఇరుకైపోయాక ఆపరేషన్ వల్ల ఒరిగేది తక్కువ. నొప్పే లేనివారికి ముందుజాగ్రత్తగా చేయరు. మీ తమ్ముడికి రాత్రి నిద్రలో నొప్పి వస్తున్నా, సాక్సు తొడుక్కోవడం నెలనెలా కష్టమవుతున్నా, తుంటి కీళ్లు చూసే ఆర్థోపెడిక్ సర్జన్ దగ్గరికి ఆలస్యం చేయకుండా తీసుకెళ్లండి.