కొట్టకపోయినా అది హింసేనా?

మీది ఇచ్ఛాపురం, చెల్లిని ఒడిశాలోని బరంపురం ఇచ్చామన్నారు. ఆమె ఫోన్, ఏటీఎం కార్డు రెండూ భర్త దగ్గరే ఉంటాయని, పుట్టింటికి పంపమంటే గొడవేనని రాశారు. "చెయ్యి చేసుకోవట్లేదు కదా, మగాడన్నాక ఆ మాత్రం ఉంటుంది" అని పెద్దలు అంటున్నారు, ఇది హింస కిందికి వస్తుందా అని అడిగారు. తప్పకుండా వస్తుంది.

మా అక్కను పాతపట్నం నుంచి పర్లాకిమిడి ఇచ్చాం. రాష్ట్రం మారుతుందే గానీ ఆటోలో వెళ్లొచ్చే దూరం. అయినా అమ్మను చూడాలంటే బావ ఒప్పుకోవాలి. ఫోన్ వస్తే స్పీకర్ పెట్టి మాట్లాడాలి. కూరలు తెచ్చాక వంకాయలెంత, టమాటాలెంత అని ఒక్కొక్కటీ అడిగి చిల్లర లెక్కపెట్టేవాడు. పది రూపాయలు తేడా వస్తే ఆ రాత్రంతా నిలదీయడమే. చెయ్యి మాత్రం ఎత్తలేదు. అందుకే మా పెదనాన్న "జాగ్రత్తగల మనిషి" అని మెచ్చుకునేవారు. పెళ్లాన్ని అదుపులో పెట్టుకోవడమే మగతనమని, అణిగిమణిగి ఉండడమే ఆడదానికి మంచి పేరని నమ్మే ఇళ్లలో ఇది ఎవరికీ తప్పుగా కనిపించదు. అక్క మాత్రం గేటు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడేది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా ఆడవాళ్లను ఇవే అడుగుతారు: భర్త మిమ్మల్ని డబ్బు విషయంలో నమ్ముతాడా, స్నేహితురాళ్లను కలవనిస్తాడా, ఎప్పుడూ ఎక్కడున్నావని ఆరా తీస్తాడా అని. 2005 గృహహింస చట్టం కొట్టడంతో పాటు మాటలతో, మానసికంగా వేధించడాన్ని, డబ్బు దగ్గర కట్టడి చేయడాన్ని కూడా హింస అనే అంటుంది.

సరిహద్దులో ఉన్న మనకు ముఖ్యమైనది ఆ చట్టంలోని సెక్షన్ 27. కేసు ఒడిశాలోనే వేయాలని లేదు. ఆమె తాత్కాలికంగా మీ ఇంట్లో ఉన్నా అక్కడి మేజిస్ట్రేట్ కోర్టులో వేయొచ్చు, ఆ ఉత్తర్వు దేశమంతా చెల్లుతుంది. మేం ఇటువైపే వేశాం. అక్కకు ఒడియా మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు, ఆ టెన్షన్ తప్పింది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

ఇవేవీ చెల్లికి మెసేజ్ పెట్టకండి, ఆ ఫోన్ చూసేది ఆయనే. పండక్కి వచ్చినప్పుడు విడిగా కూర్చోబెట్టి అడగండి. ఆధార్, పాస్‌బుక్, సర్టిఫికెట్లు వీలైతే మీ దగ్గర ఉంచుకోండి. ఆయన్ని నిలదీయడానికి మాత్రం వెళ్లకండి. మీరు తిరిగొచ్చాక ఆ కోపమంతా ఆమె మీదే పడుతుంది. కేసు వేయాలా వద్దా అన్నది ఆమే చెప్పాలి. ఆమె సరేనన్నాక మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. ప్రాణభయం ఉంటే ఆగొద్దు, వెంటనే అత్యవసర నంబర్ 112కి చేయండి.